తప్పు కోటుది, ఒంటిది కాదు



యతిప్రాసలను గురించీ, నిఘంటువులకెక్కని మాటలను గురించీ వ్రాసుకొనే ఈ పుటలో మగవారి కోటు ప్రసక్తి ఏమిటని మీకు తోచవచ్చును. నాకూ మొదట అట్లే తోచినది. కాని కొన్ని నెలలుగా మనసులో గుచ్చుకొంటున్న ముల్లు ఇది. దీనిని తీసి బయట వేయకపోతే మరొక విషయం మీదికి కలం సాగేటట్లు లేదు.

గడచిన మాఘంలో మా చెల్లెలి కుమారుని వివాహం జరిగినది. ముహూర్తం వేళ మధుపర్కాలు కట్టుకొని పీటల మీద కూర్చున్నప్పుడు వాడు ఎంతో హాయిగా ఉన్నాడు. వంగినాడు, లేచినాడు, మూడు ముళ్ళు వేసినాడు, పోటీపడి తలంబ్రాలు పోసినాడు. ఆ బట్ట వాడిని ఎక్కడా పట్టి ఆపలేదు. మరునాటి సాయంకాలం రిసెప్షన్. అందుకోసం పట్నంలో ఒక పెద్ద దుకాణంలో కొన్న కోటు తొడుక్కొన్నాడు. లేత బూడిదరంగు. లోపల అస్తరు లేదు, భుజాలలో ప్యాడ్లు లేవు. "ఇది క్యాజువల్ బ్లేజర్ మావయ్యా, అన్‌స్ట్రక్చర్డ్ అంటారు. చాలా తేలిక" అని ఉత్సాహంగా చూపినాడు. తేలికైనదే, సందేహం లేదు. కాని గుండీ పెట్టుకొనేటప్పుడు వాడు ఊపిరి బిగబట్టడం నేను చూచినాను. చూచి ఊరుకొన్నాను. అది నా తప్పు.

దంపతులిద్దరూ నా కాళ్ళకు నమస్కరించడానికి వంగినారు. చర్రుమని ఒక చప్పుడు. కుడి చంక వెనుకనుంచి వీపు మీదికి జానెడు మేర కుట్టు పిగిలిపోయినది. ఫొటోలు తీసేవారు ఆగినారు. వరుసలో నిలుచున్నవారు నవ్వు దాచుకొన్నారు. ఒక పెద్దావిడ "శుభమా అంటూ ఇదేం అపశకునం" అని పైకే అన్నది. ఆ రెండు క్షణాలలో మా మేనల్లుడు నా చెవి దగ్గర అన్న మాట మాత్రం ఇది: "సారీ మావయ్యా, కొన్నాక కాస్త లావైనట్టున్నాను."

వాడు లావు కాలేదు. ఆ కోటు పట్టాలని నెలన్నర రోజులు రాత్రిపూట రెండు పుల్కాలతో సరిపెట్టుకొన్నాడని మా చెల్లెలు తరువాత చెప్పినది. పెళ్ళికొడుకు పస్తులుండి, ఊపిరి బిగబట్టి, చివరకు చిరిగిన కోటుకు తానే క్షమాపణ చెప్పుకొన్నాడు! నాకు కోపం వచ్చినది అక్కడ. ఆ కోపమే ఈ టపా.

నేను చెప్పదలచినది ఒక్కటే. ఎముకలు లేని ఈ మెత్తని కోటు మనిషి ఒంటిని అనుసరించడానికే పుట్టినది. దానిని ఒంటికి బిగించి కుట్టేవారు దాని జన్మకారణాన్నే మరచినారు. చిరిగినప్పుడు తప్పు కోటుదే గాని ఒంటిది కాదు.

ముందుగా ఒక పేరు స్థిరపరచుకొందాము. జాకెట్టు అంటే మన ఇళ్ళలో ఆడవారి రవిక. ఆ మాట వాడితే చదువరులు తికమకపడతారు. బ్లేజరు అనే మాటను దుకాణాలవారు కనబడిన ప్రతి కోటుకూ తగిలిస్తున్నారు. గనుక ఈ టపా వరకు దీనిని 'మెత్తకోటు' అని పిలుస్తాను. పండితులెవరైనా ఇంతకంటె మంచి మాట సూచిస్తే శిరసా వహిస్తాను.

మామూలు సూటుకోటు లోపల ఏమున్నదో చూచినవారు తక్కువ. పైగుడ్డకూ అస్తరుకూ నడుమ ఒక అస్థిపంజరమే ఉంటుంది. రొమ్ము భాగంలో గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన గట్టి క్యాన్వాసు, భుజాల మీద ప్యాడ్లు, చేయి మొదలయ్యేచోట గుండ్రదనం నిలబెట్టడానికి దూదిపట్టీ, కాలరులో బిరుసుగుడ్డ. చవుక రకాలలో క్యాన్వాసుకు బదులు జిగురుతో అతికించే గుడ్డ. ఇవన్నీ కలిసి కోటుకు స్వంత ఆకారం ఇస్తాయి. లోపల మనిషి ఎట్లా ఉన్నా పైకి ఆ ఆకారమే కనబడుతుంది. వాలిన భుజం నిలబడుతుంది, లోతైన రొమ్ము నిండుతుంది. మెత్తకోటులో ఈ సరంజామా అంతా, లేదా చాలామట్టుకు, తీసివేస్తారు. అస్తరు అసలుండదు, ఉంటే వీపు పైభాగం వరకు, చేతుల లోపల మాత్రమే ఉంటుంది. ఇక మిగిలినది గుడ్డ, కత్తిరింపు, లోపలి మనిషి.

ఈ పని ఎక్కడ మొదలైనదో తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే దుకాణదారు చెప్పే కారణం వేరు, చరిత్ర చెప్పే కారణం వేరు. ఇటలీ దక్షిణాన నేపుల్స్ నగరంలో జెన్నారో రుబినాచ్చి అనే ఆయన 'లండన్ హౌస్' అనే పేరుతో దుకాణం నడిపినారు. 1930ల నాటి మాట. అక్కడ కత్తిరింపు నిపుణుడైన విన్చెంజో అట్టొలీని, ఇంగ్లీషువారి కోటులోని ప్యాడ్లనూ అస్తరునూ తీసివేసి, చొక్కావలె మెత్తగా ఒంటి మీద వాలే కోటును తయారుచేసినారు. పేరు లండన్ హౌస్, తిరుగుబాటు లండన్ మీదనే! చలిదేశపు బిరుసుకోటు సముద్రపుటొడ్డున ఎండలో తిరిగే మనిషికి పనికిరాదు గనుక ఈ మార్పు నిలిచినది. ఆ నగరపు దర్జీలు చేతిని భుజానికి కలిపే తీరునే మార్చినారు. ఇటాలియన్‌లో దానిని 'స్పల్లా కమీచా' అంటారు; అంటే చొక్కాభుజం. చంక చుట్టుకొలత కంటె చేతి పైభాగపు గుడ్డ కాస్త ఎక్కువగా కత్తిరించి, ఆ ఎక్కువను సన్నని ముడుతలుగా ఇముడ్చుతూ చేతితో కుడతారు. చూడడానికి కొంచెం నలిగినట్లుంటుంది. కాని ఆ ముడుతలలో దాగిన గుడ్డే చెయ్యి కదిలినప్పుడు విచ్చుకొని దారి ఇస్తుంది.

తరువాత 1975లో మిలాన్‌లో స్వంత సంస్థ స్థాపించిన జార్జియో అర్మానీ ఈ మెత్తదనాన్ని రెడీమేడు దుస్తులలోనికి తెచ్చి ప్రపంచమంతటికీ పరిచయం చేసినారు. 1980లో వచ్చిన 'అమెరికన్ జిగోలో' అనే హాలీవుడ్ చిత్రంలో రిచర్డ్ గేర్ తొడిగిన ఆయన దుస్తులు ఎంతో పేరు తెచ్చినవి. 2025 సెప్టెంబరులో ఆయన 91 ఏళ్ళ వయసులో కన్నుమూసినారు. దర్జీగా అట్టొలీని, వ్యాపారిగా కూడా అర్మానీ చేసిన పని ఒక్కటే: కోటు పెత్తనాన్ని తగ్గించి మనిషికి ఊపిరి ఇవ్వడం. ఈ చరిత్ర తెలిసినవాడెవడూ మెత్తకోటును బిగించి కుట్టడు. ఊపిరి ఇవ్వడానికి పుట్టినదానితో ఊపిరి ఆపడమంటే, మజ్జిగలో కారం కలిపి చలవ చేస్తుందని అమ్మినట్లే.

ఈ విషయంలో నాకు ఇద్దరు ప్రతివాదులు ఉన్నారు.

మొదటివారు, "లోపల కట్టడమే లేనప్పుడు కొలత ఎందుకు? ఏ సైజైనా వేసుకోవచ్చు, వదులుగా ఉండడమే దాని అందం" అంటారు. వచనకవిత మొదటిరోజులలో కొందరు ఇదే భ్రమలో పడినారు. గణాలు లేవు, యతి లేదు, ప్రాస లేదు గనుక ఏ వాక్యాన్ని ముక్కలు చేసి పేర్చినా కవితే అనుకొన్నారు. ఛందస్సు ఉన్నప్పుడు చెడ్డ పద్యం కూడా కొంతదూరం నడుస్తుంది. నడక ఛందస్సుది గనుక. ఛందస్సు తీసివేసిన తరువాత మాట తన కాళ్ళ మీద తాను నిలబడవలసి ఉంటుంది. మెత్తకోటూ అంతే. ప్యాడ్లున్న కోటులో అర అంగుళం తప్పు ప్యాడ్ల క్రింద దాగుతుంది. మెత్తకోటులో ఆ తప్పు భుజం చివర గుంటగా పడి లోకానికంతటికీ కనబడుతుంది. అస్తరు లేదు గనుక లోపలి కుట్టు అంచులకు కూడా పట్టీలు వేసి శుభ్రంగా ముగించవలెను. దాచడానికి చోటు లేని పని ఎప్పుడూ కష్టమైన పనే.

రెండవవారు దుకాణాలవారు, వారి మాట నమ్మే యువకులు. "స్లిమ్ ఫిట్ సార్, ఇలాగే ఉండాలి" అని వారి మంత్రం. వీరు మొదటివారికంటె ప్రమాదకరులు. మొదటివారి వల్ల మనిషి వికారంగా కనబడతాడు, అంతే. రెండవవారి వల్ల తన ఒంటిని తానే అసహ్యించుకొంటాడు.

ఇంతకూ మెత్తకోటు ఎట్లా ఉండవలెను? ఇది నా స్వంత పాండిత్యం కాదు. మా ఊళ్ళో నా పూర్వవిద్యార్థి ఒకడు దర్జీ. యాభై దాటినవాడు. బడిలో సంధులు విడదీయమంటే బెంచీ మీద నిలబడేవాడు. చిరిగిన ఆ కోటును వాడి దగ్గరకు తీసుకొనిపోయినాను. వాడు దానిని తిరగవేసి, టేపు పెట్టి, రెండు నిమిషాలు చూచి, "మాష్టారూ, అబ్బాయి తప్పేం లేదండి. వీపు వెడల్పు అంగుళంన్నర తక్కువ కోశారు. చంక కిందికి దిగిపోయింది. లోపల వదలాల్సిన బట్ట పావంగుళం కూడా వదల్లేదు. ఇది చిరక్క ఏం చేస్తుందండీ?" అన్నాడు. ఆ రోజు సాయంకాలం వాడు గురువు, నేను శిష్యుడిని. ఆ పాఠాన్నే ఇక్కడ వరుసగా వ్రాస్తున్నాను.

మొదటిది భుజం. వ్యాకరణంలోనూ ఆయుర్వేదంలోనూ ఒకటే మాట ఉన్నది: సంధి. రెండు పదాలు కలిసేచోటూ సంధే, రెండు ఎముకలు కలిసేచోటూ సంధే. కోటులో చేయీ మొండెమూ కలిసే కుట్టు సరిగ్గా భుజపుటెముక చివర పడవలెను. దానిని దాటి బయటకు వస్తే, లోపల ప్యాడ్లు లేవు గనుక గుడ్డ కూలబడి చేతి పైభాగంలో గుంట పడుతుంది. లోపలికి జరిగితే చేతికండ బయటకు ఉబ్బి, కుట్టు మీద గీతలు లాగుతాయి. నిలుచుని చేతులు వదిలివేసి అద్దంలో చూడండి. భుజం నుంచి ముంజేతి దాకా గీత ఒకే వాలుగా దిగితే సరిపోయినట్లు. ఇది ఎందుకు మొదటిదంటే, మిగిలిన తప్పులలో చాలావాటిని దర్జీ దిద్దగలడు. చేతుల పొడవు తగ్గించగలడు, నడుము వదులు చేయగలడు. భుజాన్ని దిద్దాలంటే కోటు సగం విప్పవలసి ఉంటుంది. కోటు ధరలో సగం ఖర్చవుతుంది, అయినా పూర్తిగా కుదరదు. గనుక భుజం కుదరని కోటును ఎంత తగ్గింపు ధరకిచ్చినా తాకకండి.

రెండవది మెడ. కోటు కాలరు వెనుకభాగం చొక్కా కాలరుకు ఆనుకొని ఉండవలెను. నడుమ వేలు దూరే సందు ఉంటే వీపు కత్తిరింపు మీ వీపుకు తగలేదని అర్థం. చొక్కా కాలరు ఒక సెంటీమీటరు పైకి కనబడవలెను. నావలె జీవితమంతా పుస్తకాల మీద వంగి మెడ ముందుకు వచ్చినవారికి ఈ చిక్కు తరచు వస్తుంది. అది దర్జీకి ముందే చెప్పవలసిన విషయమే గాని, సిగ్గుపడవలసినది కాదు.

మూడవది చంక. లోకంలో అందరూ పొరబడేది ఇక్కడే. నేనూ పొరబడినాను. చంక రంధ్రం ఎంత పెద్దదైతే చెయ్యి అంత సులువుగా లేస్తుందని మనకు తోస్తుంది. నిజం దీనికి సరిగ్గా విరుద్ధం. చంక కిందికి దిగిన కోటులో చెయ్యి ఎత్తితే కోటు మొత్తం పైకి లేస్తుంది. కాలరు చెవుల దాకా పోతుంది. చెయ్యీ మొండెమూ కలిసే కుట్టు ఒంటికి దూరంగా ఉన్నది గనుక చెయ్యి కదిలిన ప్రతిసారీ మొండెపు గుడ్డను లాక్కొనిపోతుంది. చంకకు దగ్గరగా, గుచ్చుకోనంత ఎత్తులో కత్తిరించిన కోటులో చెయ్యి మాత్రమే లేస్తుంది, కోటు ఉన్నచోటనే ఉంటుంది. రెడీమేడు వ్యాపారులు చంకను కిందికి ఎందుకు దించుతారంటే, ఒకే కోటు పదిరకాల చేతులకు పట్టవలెను గదా! ఆ దించిన చంకకు బిగించిన వీపు తోడైతే ఏమవుతుందో మా ఇంటి రిసెప్షనులో మూడువందలమంది చూచినారు.

నాలుగవది వీపు, రొమ్ము, నడుము. వీపు మీద అడ్డముడుతలు పడితే కోటు బిగువు. నిలువుముడుతలు మరీ ఎక్కువైతే వదులు. కాని చంకల వెనుక, రెక్క ఎముకల మీద ఒకటి రెండు నిలువుముడుతలు ఉండితీరవలెను. అవి తప్పులు కావు. చేతులు ముందుకు చాచినప్పుడు ఆ గుడ్డే పనికి వస్తుంది. రొమ్ము చుట్టుకొలత 40 అంగుళాలుంటే కోటు లోపలి చుట్టుకొలత 44 వరకు ఉండవలెను. గుండీ పెట్టినప్పుడు దాని చుట్టూ ఎక్స్ అక్షరంవలె గీతలు లాగితే అది స్లిమ్ ఫిట్ కాదు, చిన్న కోటు. అంతకంటె మర్యాదగా చెప్పలేను.

ఇక్కడ దుకాణాలలో జరిగే ఒక చమత్కారం చెప్పవలెను. కోటు తొడిగి అద్దం ముందు నిలబెట్టినప్పుడు అమ్మేవాడు వెనుక నిలబడి, వీపు దగ్గర గుడ్డను గుప్పిటతో లాగి పట్టుకొంటాడు. లేదా క్లిప్పులు పెడతాడు. ముందునుంచి చూస్తే నడుము సన్నగా అద్భుతంగా కనబడుతుంది. "ఆల్టరేషన్‌లో ఇలా చేసేస్తాం సార్" అంటాడు. తొడుక్కొన్నవాడు ఆ క్షణాన కదలడు, ఎందుకంటే వెనుక ఒకడు పట్టుకొని ఉన్నాడు! బొమ్మవలె నిలుచున్నప్పటి అందాన్ని చూపి, నడిచే మనిషికి కోటు అమ్ముతున్నారు. కోటు తొడిగిన తరువాత కుర్చీలో కూర్చోండి, వంగి చెప్పు తాడు సవరించుకోండి, ఎదుటివానిని కౌగిలించుకొన్నట్లు చేతులు చాచండి, పై అరలోని పుస్తకం తీసినట్లు చెయ్యి ఎత్తండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. దుకాణంలో నవ్వులపాలు కావడం కల్యాణమండపంలో నవ్వులపాలు కావడంకంటె మేలు.

అయిదవది పొడవు. మెడ వెనుక ఎముకనుంచి నేల దాకా కొలిచి, అందులో సగం కోటు పొడవు అని పాత లెక్క. 5 అడుగుల 8 అంగుళాల మనిషికి సుమారు 29 అంగుళాలు వస్తుంది. మెత్తకోటు సూటులో భాగం కాదు గనుక అర అంగుళమో అంగుళమో తగ్గినా తప్పులేదు. కాని పిరుదులు మూడువంతులు బయట కనబడే పొట్టికోట్లు ఇప్పటికీ వేలాడుతున్నవి. అవి పెద్దవారికి చిన్నప్పటి కోటు తొడిగినట్లుంటాయి. చేతుల పొడవు మణికట్టు ఎముక దగ్గర ఆగి, లోపలి చొక్కా అంగుళంలో మూడవవంతో, సగమో కనబడితే చాలు. ఈ రకం కోటు చేతులు పైకి మడిచినా బాగుంటుంది.

ఆరవది గుడ్డ. మెత్తకోటుకు మరీ పలుచని గుడ్డ పనికిరాదు. లోపల నిలబెట్టే క్యాన్వాసు లేదు గనుక గుడ్డకే కొంత బరువు ఉండవలెను. అప్పుడే అది వాలుతుంది, లేకపోతే వేలాడుతుంది. లినెన్, కాస్త ముతక నూలు, గాలి ఆడే బుట్టనేత ఉన్ని, ఇవి మంచివి. మన పొందూరు సన్నఖద్దరు పంచెకూ చొక్కాకూ దివ్యమైనది గాని కోటుకు కాదు. కోటుకు ముతకఖద్దరు కావలెను. నూలు, లినెన్ కుదించుకొనిపోతాయి గనుక కత్తిరించేముందే తడిపి ఆరవేయించవలెను. ఆ పని మానినందువల్ల మొదటి ఉతుకులోనే చేతులు పొట్టివైన కోట్లు ఎన్నో. ఇక లినెన్ నలుగుతుందని ఫిర్యాదు చేసేవారికి నా సమాధానం: నలగనివ్వండి. నలగని లినెన్ నవ్వని పసిబిడ్డవంటిది.

ఇప్పుడు ఆక్షేపణలకు వస్తాను.

"తెలుగు పండితులు, పంచెకట్టుకొనేవారు, మీకెందుకండీ ఈ పరదేశపు కోటు గొడవ?" అని ఒక మిత్రుడు ఇదివరకే ఫోనులో అడిగినాడు. అయ్యా, కోటు మనకు నిన్నటిది కాదు. వీరేశలింగం పంతులుగారి చిత్రపటం చూడండి. పంచె మీద కోటు, తలపాగా, ఉత్తరీయం వేసుకొన్న పంతుళ్ళు మన బడులలో తరాలపాటు పాఠాలు చెప్పినారు. ఆ కోట్లు బిగుతుగా ఉన్నట్లు నాకు ఏ పటంలోనూ కనబడలేదు. అంతకంటె ముఖ్యం: కుట్టని బట్టను ఒంటికి తగినట్లు వాల్చుకోవడం మన జాతికి పుట్టుకతో వచ్చిన విద్య. పంచెకు సైజు లేదు. కట్టేవాడి నడుమును బట్టి, నడకను బట్టి కుచ్చెళ్ళు అమరుతాయి. మధుపర్కాలలో మా మేనల్లుడు ఎందుకు హాయిగా ఉన్నాడో, మంచి మెత్తకోటులో మనిషి ఎందుకు హాయిగా ఉంటాడో, రెండింటికీ కారణం ఒక్కటే. గుడ్డ ఒంటి మాట వింటుంది. నేపుల్స్ దర్జీ కష్టపడి చేరుకొన్న చోటు మన పంచెకట్టుకు ఇరుగుపొరుగే.

"కాలం మారుతుంది మాష్టారూ, ఇది ఫ్యాషన్" అని మరొక ఆక్షేపణ. మారనివ్వండి. కాలరు వెడల్పు మారవచ్చును, రంగు మారవచ్చును, గుండీలు మూడు కావచ్చును, రెండు కావచ్చును. బిగుతుకు కాలం చెల్లి ఇప్పుడు వదులు మళ్ళీ వచ్చినదని కూడా చెప్పుతున్నారు. రేపు వదులుకోటును ఆడిపోసుకొనే టపా వ్రాయవలసి వస్తుందేమో! భుజపుటెముక ఎక్కడ ముగుస్తుందో ఫ్యాషన్ నిర్ణయించదు. చెయ్యి ఎత్తడానికి ఎంత గుడ్డ కావలెనో పత్రికలు నిర్ణయించవు.

"బిగువుగా ఉంటేనే కుర్రవాళ్ళు చలాకీగా కనబడతారు" అని మూడవది. చలాకీతనం కదలికలో ఉంటుంది. కదలలేనివాడు చలాకీగా ఎట్లా కనబడతాడో తర్కశాస్త్రజ్ఞులు చెప్పవలెను.

ఈ ఆక్షేపణలన్నిటి వెనుకా ఉన్న అసలు మాట ఒకటున్నది. ఎవరూ దానిని పైకి అనరు. 'కోటు ప్రమాణం, ఒళ్ళు లోపం' అనే భావన. దుకాణంలో కోటు పట్టకపోతే అమ్మేవాడు "మా కత్తిరింపు మీకు సరిపోలేదండి" అనడు. "కొంచెం తగ్గాలి సార్" అంటాడు. పొట్ట ఉన్నవాడు, ఒక భుజం వాలినవాడు, వీపు వంగినవాడు, ముసలివాడు, వీరంతా ఆ అద్దం ముందు నేరస్థులవలె నిలుచుంటున్నారు. మా కాలంలో దర్జీ టేపు మెడలో వేసుకొని ఒంటిని కొలిచి, ఆ అంకెలను పుస్తకంలో వ్రాసుకొని, గుడ్డను దానికి తగినట్లు కోసేవాడు. కొలత ఒంటినుంచి గుడ్డకు పోయేది. ఇప్పుడు గుడ్డనుంచి ఒంటికి వస్తున్నది. మనిషి పస్తులుండి కోటుకు తగినట్లు తనను తాను కోసుకొంటున్నాడు.

దర్జీ శిష్యుడు ఆ రోజు మాటల మధ్యలో, తల ఎత్తకుండా, దారం తెంపుతూ ఒక సంగతి చెప్పినాడు. "ఎనిమిదో తరగతిలో జవాబు తెలిసినా చెయ్యెత్తనని మీరు నన్నోసారి కొట్టారు, గుర్తుందాండీ? అన్నయ్య చొక్కా అది. చంకలో చిరిగి ఉండేది. చెయ్యెత్తితే అందరికీ కనపడుద్దని ఎత్తేవాణ్ణి కాదు."

నాకు గుర్తులేదు. ఆ బెత్తం దెబ్బ గుర్తులేదు గాని, చెయ్యి ఎత్తని పిల్లలను పొగరుమోతులనీ మొద్దులనీ ముప్పయ్యేళ్ళపాటు అనుకొన్న సంగతి గుర్తున్నది. ఒక్కసారైనా వారి చంకల వైపు చూడలేదు. వాడు చిన్నతనంలో చిరిగిన చొక్కా వేసుకొని సిగ్గుపడినాడు. మా మేనల్లుడు వేలకు వేలు పోసి చిరిగే కోటు కొనుక్కొని సిగ్గుపడినాడు. ఇద్దరూ తప్పు తమదనే అనుకొన్నారు. మొదటివాడికి ఆ మాట అబద్ధమని చెప్పవలసిన గురువును నేను. చెప్పలేదు. అందువల్ల రెండవవాడికైనా గట్టిగా చెప్పుతున్నాను.

చిరిగిన కోటును దిద్దడం కుదరలేదు. లోపల గుడ్డ వదలలేదు గదా! బదులుగా ముతకఖద్దరుతో కొత్తది కుట్టమన్నాను. కుట్టుకూలి ఎంతన్నా బేరమాడలేదు. మూడుసార్లు తొడిగించి చూచినాడు. రెండవసారి భుజం కుట్టు విప్పి మళ్ళీ వేసినాడు. పెట్టుడు జేబులు, రెండు గుండీలు, అస్తరు వీపు పైభాగానికే. ఆ కోటు తొడుక్కొని మేనల్లుడు మొన్న మా ఇంటికి వచ్చినాడు. వంగి కాళ్ళకు దండం పెట్టినాడు. ఏ చప్పుడూ లేదు. భోజనం దగ్గర మా ఆవిడ మూడవసారి వడ్డించబోతే వద్దనలేదు. నాకు అంతకంటె కావలసినది లేదు.

మీ ఊళ్ళో ఇంకా టేపు మెడలో వేసుకొని కూర్చున్న దర్జీ ఉంటే ఒక్కసారి వెళ్ళండి. ముందు మీ ఒంటిని కొలవనివ్వండి, తరువాత గుడ్డ సంగతి మాట్లాడండి. రెడీమేడు కొనేవారు కనీసం చెయ్యి ఎత్తి చూచుకొని కొనండి.

నాతో విభేదించేవారు వ్యాఖ్యల పెట్టెలో నిస్సంకోచంగా దండెత్తవచ్చును. బిగుతుకోటు తొడుక్కొని వ్రాసేవారు మాత్రం ముందు గుండీ విప్పుకొని, ఊపిరి పీల్చుకొని మొదలుపెట్టవలసినదిగా ప్రార్థన.

స్వస్తి.